జ్వరం లేని శనివారాలు

నా రిటైర్మెంట్ సభలో మాట్లాడినవాళ్లలో ఒకాయన నన్ను "మన బ్రెడ్డు మేడమ్" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు ఫొటోలో ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి, అందులో సగం కాలం వార్డెన్ పని కూడా నెత్తిన వేసుకుని దిగిపోతున్న మనిషిని తినే వస్తువు పేరు పెట్టి పంపించడం మర్యాదేనా అన్నది ఆయనే ఆలోచించుకోవాలి. ఆ రోజు శాలువా కప్పినవాళ్లు దాని ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఇలాంటివి నేను మరచిపోను. మరుపు దేవుడిచ్చిన వరమని మా ఇంట్లోవాళ్లు అంటుంటారు. మరచిపోయేవాళ్ల వల్ల ఏ హాస్టల్లోనూ చెడిపోయిన బోరు మోటారు బాగుపడలేదు. నాలాంటివాళ్ల అర్జీల వల్లే బాగుపడింది.

ఆ బ్రెడ్డు సంగతి మీలో చాలామంది విన్నారని నాకు తెలుసు. కొత్తగా వార్డెన్లుగా చేరిన అమ్మాయిలకు సీనియర్లు నవ్వుతూ చెబుతున్నారట. వాళ్లు చెప్పేది సగమే. మిగతా సగం నాకు అంత గొప్ప తెచ్చేది కాదు గానీ, మీకు పనికొచ్చేది అదే. అందుకే రాస్తున్నాను.

పర్ణశాల దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద ఉండేది మా బడి. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల, మూడు నుంచి పది దాకా. దాదాపు అందరూ కోయ పిల్లలే. నాది మధిర వైపు. "వచ్చిండు, పోయిండు" అనే పిల్లలు, నేను "వచ్చాడు, వెళ్లాడు" అంటే మొదట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. గోదావరి పొంగితే బస్సు రాదు. బస్సు రాకపోతే కూరగాయలు రావు. అప్పుడు అన్నం, పప్పు. తర్వాతి పూట పప్పు, అన్నం.

మన వైపు బ్రెడ్డు తిండి కాదు, మందు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కొట్టుకు పోయి బ్రెడ్డు అడిగితే కొట్టతను ముందుగా "ఎవరికి బాగలేదు?" అంటాడు. హాస్టల్లో కూడా అదే పద్ధతి. జ్వరం వచ్చిన పిల్లకు బ్రెడ్డు, పాలు. మిగతావాళ్లకు మామూలే. మా ఊళ్లో గురువారం సంత. సంత వ్యానులోనే బ్రెడ్డు వచ్చేది. ఏం విచిత్రమో గానీ జ్వరాలు కూడా గురువారమే వచ్చేవి. ఐదుగురితో మొదలై, రెండు నెలలు తిరిగేసరికి గురువారం సాయంత్రం నా గది ముందు దుప్పట్లు కప్పుకున్న పిల్లలు వరండా చివరిదాకా కూర్చునేవాళ్లు. థర్మామీటర్ పెడితే నిజంగానే పాదరసం ఎక్కేది. నేను రిజిస్టర్లో నిజాయితీగా రాసి పైకి పంపేదాన్ని.

ఆ నిజాయితీకి బహుమతి వార్డెన్ల సమీక్షా సమావేశంలో దొరికింది. పై అధికారి నా కాగితం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గురువారం జ్వరాలేంది మేడమ్? దోమలకు డ్యూటీ చార్టు రాసిచ్చిండ్రా?"

హాలంతా నవ్వింది. ఆయన అక్కడితో ఆగలేదు. "థర్మామీటర్ సూసుడు వస్తదా, నేర్పియ్యాల్నా?" అన్నాడు. నవ్వినవాళ్లలో నాకంటే పదేళ్లు చిన్నవాళ్లు ఉన్నారు. తర్వాత అందరికీ టీ ఇచ్చారు. నా వరుస దాకా వచ్చేసరికి అయిపోయింది. టీ సంగతి ఇక్కడ అనవసరం అంటారేమో. నాకు అవసరమే.

మరుసటి గురువారం నేను వంటగది వెనక, కట్టెలు పేర్చిన చోట నిలబడ్డాను. పొద్దుటి రాగిజావను మా వంటామె సాయంత్రం జ్వరం పిల్లల కోసం మళ్లీ కాస్త కాచేది. ఏడో తరగతి పిల్ల ఒకతి, సన్నగా, రెండు జడలతో ఉండేది, వచ్చి గ్లాసుతో వేడివేడి జావ నోట్లో పోసుకుని మింగకుండా బుగ్గలు పూరించి నిలబడింది. ఆమె వెనక ఇంకో నలుగురు వరుసలో ఉన్నారు.

"ఏం చేస్తున్నావే?"

నోరు నిండా జావ ఉంది కాబట్టి జవాబు లేదు. కళ్లు పెద్దవి చేసి, గుటుక్కున మింగి, చెప్పింది.

"జ్వరం తెచ్చుకుంటున్న మేడమ్."

"ఎందుకు?"

"బ్రెడ్డుకు." నాకు తెలియదేమోనని అనుకుందో ఏమో, "మెత్తగుంటది మేడమ్" అంది.

కొట్టాలన్నంత కోపం వచ్చింది, నిజమే. ఈ పిల్లలు జావ పుక్కిలిస్తే అక్కడ హాలంతా నన్ను చూసి నవ్వింది. కానీ ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. మెత్తటిది ఒక ముక్క తినాలంటే జబ్బు పడక తప్పదని మేమే నేర్పాం. ఆ రాత్రి పడుకునేలోపే నిర్ణయించుకున్నాను. ఈ హాస్టల్లో జ్వరం లేనివాళ్లకు బ్రెడ్డు పెడతాను. అదీ పిల్లల చేతే చేయించి పెడతాను. అప్పుడు ఎవరి డ్యూటీ చార్టు ఎవరు రాశారో చూద్దాం.

అనుమతి కోరుతూ అర్జీ పెట్టాను. జవాబు రాలేదు. గుర్తు చేస్తూ ఇంకొకటి పెట్టాను. రెండోదానికీ రాలేదు. వద్దని ఎవరూ రాయలేదు కాబట్టి వద్దనలేదని తీర్మానించుకున్నాను. ఈ సూత్రం మీరు కూడా వాడుకోవచ్చు. నా పేరు చెప్పకండి.

పొయ్యి వంటామె కట్టించింది. ఆమెది పక్క గూడెమే. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అందుకే అక్కా అనేదాన్ని. చింతల కింద పాత పుట్ట ఉంటే ఎనిమిదో తరగతి పిల్లలు తట్టలతో ఆ మన్ను మోశారు. గడ్డి ముక్కలు కలిపి తొక్కారు. అడుగున పెంకులు పరిచి, గోపురంలా లేపి, ముందు ఒక నోరు వదిలారు. లోపల కట్టెలు మండించి, నిప్పులు బయటికి లాగేసి, ఆ వేడిలోనే బ్రెడ్డు కాల్చాలి. చదివి తెలుసుకున్నాను. చదివి తెలుసుకున్నది ఎంత మాత్రమో మొదటి శనివారమే తెలిసింది.

మైదా, ఉప్పు, చక్కెర, పాల్వంచ నుంచి తెప్పించిన ఈస్టు పొట్లం. పిండి తొందరగా పొంగాలని నేను ఈస్టులో మసిలే నీళ్లు పోశాను. ముద్ద పొద్దున ఎలా ఉందో మధ్యాహ్నం అలాగే ఉంది. అయినా పట్టుదలగా కాల్చాం. వచ్చినదాన్ని వంటామె చేత్తో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, నేల మీద పెట్టింది.

"ఇంకో పది చేస్తే బాత్రూం గోడ లేపొచ్చు మేడమ్."

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ ఆదివారమే పాల్వంచ బస్సెక్కాను. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్లతో కిటకిటలాడే కాలనీ బేకరీకి వెళ్లాను. అక్కడ బ్రెడ్డు చేసే ముసలి మాస్టరు నేను చెప్పిందంతా విని తల కొట్టుకున్నాడు.

"ఈస్టంటే పానమున్నదమ్మా. మసిలే నీళ్లు పోసి నిలువునా సంపినవ్. సంటిపిల్లకు పోసే నీళ్లుంటయి సూడు, గంతే వేడి. సదువుకున్నోళ్లకు గిది గూడ చెప్పాల్నా?"

ఆయన మాట కూడా నా లెక్కలో రాసుకున్నాను. కానీ గంటసేపు తన పక్కన నిలబెట్టుకుని ముద్ద పిసకడం, తడిగుడ్డ కప్పడం, రెండోసారి పొంగనివ్వడం అన్నీ చూపించాడు కాబట్టి కొట్టేశాను.

తర్వాతి శనివారం ముద్ద పొంగింది. తడిగుడ్డ దానంతటది పైకి లేస్తుంటే మూడో తరగతి పిల్లలు చుట్టూ గొంతుకూర్చుని చూశారు. ఒక పిల్ల దాన్ని వేలితో పొడిచి, గుంట మెల్లగా పూడుతుంటే "బతికుంది" అని అరిచింది. ఆ మధ్యాహ్నం ఒక్కొక్కరికీ అరచేతిలో పట్టేంత ముక్క వచ్చింది. తినడం మానేసి ముందు వాసన చూశారు. నా సర్వీసులో నాకొచ్చిన మంచి రోజుల్లో అదొకటి. ఎవరేమన్నా దాన్ని తగ్గించను.

పన్నెండు మంది చొప్పున జట్లు చేశాను. శనివారానికి ఒక జట్టు. జావ పుక్కిలించిన పిల్లకు మాత్రం అన్ని వారాలూ పొయ్యి దగ్గర పని ఇచ్చాను, ఎందుకంటే వేడి చూడటంలో ఆమెను మించినవాళ్లు లేరు. చిటికెడు పిండి పొయ్యిలోకి విసిరి, అది ఎర్రబడేదాకా కోయలో ఏదో లెక్క పెట్టేది. నల్లబడితే "ఆగాలె" అనేది. తెల్లగానే ఉంటే ఇంకా కట్టెలు పెట్టమనేది. నేను చెప్పినా వినేది కాదు. ఆమెదే ఒప్పయ్యేది.

ఇక నా తప్పు. నేను ఎర్ర ఇంకుతో ఒక కాగితం రాసి వంటగది గోడకు అతికించాను. "జ్వరం, దగ్గు ఉన్నవారు పిండి, పొయ్యి దగ్గరికి రాకూడదు. అట్టివారి పేరు తీసి వేరొకరి పేరు చేర్చబడును." అందరూ తినే తిండి కదా, శుభ్రత ఉండాలి. అందులో ఏ అక్షరం తప్పో ఇప్పటికీ ఎవరూ చూపించలేరు.

గురువారం జ్వరాలు ఆగిపోయాయి. ఒక్క వారంలో కాదు, మూడు నాలుగు వారాల్లో. నా గది ముందు వరండా ఖాళీ అయింది. నెల చివర రిజిస్టర్లో "జ్వరం కేసులు: లేవు" అని రాసి, కింద గీత గీసి, ఆ పేజీనీ, పొయ్యి ముందు నవ్వుతున్న పిల్లల ఫొటోనూ వార్డెన్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరూ బాగుందనలేదు. ఒక్కామె బొటనవేలు గుర్తు పెట్టి, వెంటనే తీసేసింది. పొరపాటున నొక్కినట్టుంది. కానీ ఆ అధికారి చూశాడు. శనివారం తానే వస్తున్నానని కబురు చేశాడు.

అది వానలు వెనక్కి తగ్గే కాలం. మా వైపు అసలు దోమలు మొదలయ్యేది అప్పుడే. అది నాకు తెలియనిది కాదు. కానీ ఆ వారం నా మనసంతా ఆయన ముఖం ఎలా మారుతుందో చూడాలనే ఉంది.

జీపు పదకొండింటికి వచ్చింది. దిగుతూనే ఆయన నవ్వాడు.

"ఏం మేడమ్, దోమలన్నీ ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నయా?"

"వార్డెన్‌కు థర్మామీటర్ చూడటం వచ్చిందని తెలిసి వెళ్లిపోయాయి సార్."

ఆ జవాబు వారం రోజులుగా తయారుచేసుకున్నదే. ఆయన గట్టిగా నవ్వాడు. నాకు కడుపు నిండింది. పిల్లలు జట్టుగా నిలబడి ముద్దలు చుడుతున్నారు. పొయ్యి పిల్ల తన చోటులోనే ఉంది, మామూలు కంటే పొయ్యికి దగ్గరగా. ముఖం ఎర్రగా ఉంది. పొయ్యి ముందు ఎవరి ముఖమైనా అలాగే ఉంటుంది.

వంటామె వచ్చి నా చెవి దగ్గర అంది. "మేడమ్, అందరికీ చెమటలు కారుతున్నయ్. ఆ పిల్లకు లెవ్వు. వణుకుతుంది. జర సూడుండ్రి."

"సార్ ఉన్నాడు అక్కా. తర్వాత చూద్దాం."

నేను అన్న మాటలివి. నన్ను ఎవరెవరు ఏమేమన్నారో ఏళ్లతో సహా చెప్పగలను. నేనన్న మాటల్లో నాకు ఏళ్ల తరబడి గుర్తుండిపోయింది ఇదొక్కటే.

బ్రెడ్డు బయటికి వచ్చింది. బాగా వచ్చింది. ఆ పిల్లే ముక్క కోసి, పళ్లెంలో పెట్టి, రెండు చేతులతో సారుకు ఇచ్చింది. పళ్లెం గలగల కొట్టుకుంది. "భయమేందిరా బిడ్డా" అన్నాడాయన. ఆ పిల్ల భయపడలేదు. పళ్లెం ఆయన చేతిలోకి పోయేదాకా ఆగి, పక్కకు రెండడుగులు వేసి, నేల మీద కూర్చుండిపోయింది. తల మోకాళ్ల మధ్యకు వాలిపోయింది.

వంటామె ఒక్క అంగలో వెళ్లి ఎత్తుకుంది. "నిప్పు లెక్క ఉంది" అంది.

జట్టులో పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. అప్పుడు తెలిసింది. రోజు విడిచి రోజు చలి జ్వరం వస్తోందట. వారం అయిందట. రాత్రుళ్లు పక్క పిల్లలు తమ దుప్పట్లు కూడా ఆమెకే కప్పుతున్నారట.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను, గొంతు పైకి లేచింది.

వాళ్లలో చిన్నది గోడ వైపు చూపించింది. "పేరు తీసేస్తరని."

ఒకప్పుడు జ్వరం లేని పిల్లలు జ్వరం తెచ్చుకున్నారు. నేను దాన్ని మాన్పించాను. ఇప్పుడు జ్వరం ఉన్న పిల్ల పొయ్యి వేడి చాటున జ్వరాన్ని దాచుకుంది. రెండూ నా పద్ధతులు నేర్పినవే, అది చూడటం నాకే రాలేదు.

మా బడికి వచ్చే నర్సమ్మ ఆ రోజు వేరే గూడెంలో ఉంది. బస్సు వేళ కాదు. నేను అధికారి దగ్గరికి వెళ్లాను.

"సార్, మీ జీపు కావాలి."

"ఇప్పుడే గదా జ్వరాల్లెవ్వంటిరి" అని ఆయన అనవచ్చు. అనాలని నేను ఎదురుచూశాను కూడా. ఆయన చేతిలోని పళ్లెం కింద పెట్టి, వెనక సీట్లో ఉన్న ఫైళ్లు తానే తీసి మెట్ల మీద పడేశాడు. "జల్దీ" అన్నాడు డ్రైవర్‌తో. ఆయన మీద నా దగ్గరున్న పట్టీ చాలా పొడుగు. అందులో ఇది కూడా రాసి పెట్టాను, న్యాయం కోసం.

భద్రాచలం దవాఖానాకు చేరేసరికి పిల్ల మాటలు తడబడుతున్నాయి. రక్తం చూసి మలేరియా అన్నారు, మెదడుకు ఎక్కే రకం. "ఇంకొక రోజు ఆగి తెస్తే..." అని డాక్టరమ్మ నా ముఖం చూసి మిగతాది అనలేదు. రెండు రోజులు నేను, వంటామె ఇద్దరం మంచం పక్కనే ఉన్నాం. మూడో రోజు పిల్ల కళ్లు తేటపడ్డాయి. సిస్టర్ బ్రెడ్డు, పాలు తెచ్చిపెడితే ముక్కను వేళ్లతో నొక్కి చూసి "నిన్నటిది మేడమ్" అంది. వంటామె చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది.

ఆ పిల్ల తల్లిదండ్రులు వచ్చి దవాఖానా నుంచే తమ గూడేనికి తీసుకుపోయారు. బడికి తిరిగి పంపలేదు. వారం గడిచింది, రెండు వారాలు. హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు దగ్గర తరగతి అంతా నా వైపు చూసేది. ఏడో తరగతిలో ఆగిపోయిన ఆడపిల్ల మా వైపు మళ్లీ బడి మెట్లెక్కడం ఎంత అరుదో నాకు తెలుసు. మిర్చి తోటల్లో కూలికి పోతుంది, అంతే. మా హెడ్మాస్టర్ మాత్రం నిదానంగా "టీసీ అడిగితే ఇచ్చేద్దాం మేడమ్, గొడవ లేకుండా" అన్నాడు.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీ ఇవ్వమని. "పిల్ల దాచింది, నేనేం చేయను అని రాసెయ్యండి, మీకు రాయడం కొత్తా?" అన్నాడు ఒక సహోద్యోగి. కొత్త కాదు. ఒక పేజీ నిండా రాశాను. శుభ్రత నియమం, ఎర్ర ఇంకు కాగితం, పిల్ల దాచిన తీరు, అన్నీ క్రమంగా కుదిరాయి. చదువుకుంటే ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. పన్నెండేళ్ల పిల్ల మీద నేను పెట్టిన ఫిర్యాదు అది. ఆ కాగితాన్ని తిప్పి, వెనక వైపు ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాను, "తర్వాత చూద్దాం" అన్న మాటతో సహా. హెచ్చరిక ఇచ్చారు. సర్వీసులో నేను అప్పీలు చేయని కాగితం అదొక్కటే.

తర్వాత వంటామెను తోడు తీసుకుని గూడేనికి నడిచాను. వాగు దాటి రెండు గంటలు. ఇంటి ముందు తల్లి మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. మంచం వాల్చింది గానీ కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. ఆమె నన్ను నువ్వు అనే పిలిచింది. వాళ్ల తెలుగులో అందరికీ అదే. ఇంకెవరైనా అయితే నేను పట్టించుకునేదాన్నే.

"బడిల జ్వరాలు లెవ్వంటివి గద. నీ ఫొటో మా దాక వచ్చింది ఫోన్ల. నా బిడ్డ పొయ్యి కాడ నవ్వుతుంది అండ్ల."

"అవునమ్మా."

"మరి నువ్వు సూడలేదా?"

"చూశాను. పొయ్యి వేడి అనుకున్నాను. జ్వరమొస్తే పేరు తీసేస్తానని గోడకు రాసింది కూడా నేనే. దానికి భయపడి దాచింది. తప్పు నాది, పిల్లది కాదు. ఆ కాగితం చింపేశాను. పిల్లను పంపమని అడగడానికి వచ్చాను."

ఆమె కంకి ఒలవడం ఆపలేదు. గింజలు చేటలో పడుతున్నాయి. గడప లోపల రెండు జడలు కనిపించి మాయమయ్యాయి. వంటామె కోయలో ఏదో చెప్పబోయింది. తల్లి చెయ్యి ఎత్తి ఆపింది.

"కాగితంల లేదంటే జ్వరం లేదా? జ్వరమొస్తే పేరు తియ్యకు. పోయినంక మల్ల చేస్తది, పని యాడికి పోతది?"

"తియ్యను."

"మరి ఎట్ల తెలుసుకుంటవ్ ఈసారి?"

థర్మామీటర్ అనబోయి ఆగాను. ఆమె చేట పక్కన పెట్టి లేచింది. చెయ్యి చీరకు తుడుచుకుని, నా దగ్గరికి వచ్చి, అరచెయ్యి వెనక్కి తిప్పి నా మెడ కింద, జాకెట్టు అంచు లోపల ఆనించింది.

"ఇక్కడ సూడాలె. ముఖం పొయ్యి కాడ ఉడుకైతది, ఎండకు ఉడుకైతది. ఇక్కడ కాదు. పడుకునే ముందు ఒక్కొక్కరికి ఇట్ల పెట్టి సూడు. ఎంతమంది ఉన్నా సరే."

నాకు ఎన్ని శిక్షణా తరగతులు ఇచ్చారో చెప్పలేను. ఎవరూ ఇలా చెయ్యి వేసి నేర్పలేదు. ఆమె చెయ్యి తీయకుండా కాసేపు అలాగే ఉంచి, నా ముఖంలోకి చూసింది.

"నీకేం లేదు. ఎండల నడిసొస్తివి, గంతే."

ఆ తర్వాత లోపలి వైపు తల తిప్పి కేకేసింది. "వింటున్నవు గద? సంచి సర్దుకో."